అల్లుడు పళ్ళు చూసిన గుర్రం

ఈ సంగతి చెబుదామని నేను నోరు తెరిచినప్పుడల్లా మా వాళ్ళలో ఎవరో ఒకరు నా విస్తట్లో ఇంత అన్నం వడ్డించారు. పెళ్ళిళ్ళలో చెప్పబోయాను. దినాలప్పుడు చెప్పబోయాను. గృహప్రవేశాల్లో, పాలు పొంగుతుండగా కూడా చెప్పబోయాను. "తిను శంకర్, సల్లారుతది" అన్నారే తప్ప, "ఏమైంది, చెప్పు" అన్న మనిషి ఒక్కరు లేరు. నేను చెప్పబోయేది ఏమిటో వాళ్ళకు ముందే తెలుసు అనుకుంటారు. వాళ్ళకు తెలిసింది మా బావ చెప్పిన కథ. నాది ఇంతవరకు ఎవరూ వినలేదు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఎవరూ అన్నం వడ్డించలేరు.

పోయిన నెల మా మేనల్లుడు శ్రీకాంత్‌కు ఒక బుద్ధి పుట్టింది. వాడు జల్‌పల్లి పక్కన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది. కూతురి పుట్టినరోజుకు అక్కడ ఒక పొట్టి గుర్రాన్ని కట్టేయాలట. "మినియేచర్ గుర్రం మామా, కుక్కంత ఉంటది, ఇంక పెరగది" అని ఫోన్‌లో వీడియో చూపించాడు. వీడియోలో గుర్రం మెడకు గులాబీ రంగు రిబ్బను, దాని వెనక ఒక సినిమా పాట. అమ్మేవాళ్ళు దగ్గర్లోనే, రేకుల షెడ్డులో ఉంటారు. గుర్రాన్ని చూసి చెప్పడానికి వాడు వాళ్ళ నాన్నను, అంటే తన దగ్గరే ఉండే మా సుశీలక్క భర్త నర్సింహ బావను బయల్దేరదీశాడు. నన్ను కూడా కారెక్కించుకున్నాడు. సలహాకు కాదు. మోకాళ్ళ నొప్పులున్న బావను చెయ్యి పట్టుకుని కారులోంచి దింపడానికి.

షెడ్డులో అమ్మేవాడు నల్ల కళ్ళద్దాల కుర్రవాడు. గుర్రాలన్నిటికీ ఏదో సెంటు కొట్టాడు. ఆ సెంటు కింద నుంచి ఉచ్చ వాసన వస్తూనే ఉంది. ఒకదానిని ముందుకు లాగి, "అంకుల్, పెద్దవాళ్ళు మీరే చూడండి" అంటూ దాని పెదవి పైకెత్తాడు. మా బావ వంగాడు. చూశాడు. చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పళ్ళు జూస్తె మనకేం దెలుస్తది బిడ్డా? పాల పళ్ళు ఏవో, అసలు పళ్ళు ఏవో మనకేం ఎర్క? శ్రీకాంత్, గుర్రాల డాక్టర్ను తోల్కరా. ఆయన జెప్పినంకనే కొను" అన్నాడు.

"చూసినవా మామా, నాన్నది ఎంత ముందుచూపో" అన్నాడు మేనల్లుడు నాతో.

నేను ఆ జేబు వైపే చూశాను. ఇదే మనిషి, ఇదే చేత్తో, నలభై ఏళ్ళ కిందట మలక్‌పేటలో ఒక గుర్రం పెదవి లాగి, పళ్ళు లెక్కపెట్టి, దాని వయసు చెప్పాడు. ఆ మాట తప్పు. ఆ తప్పును నా నెత్తిన రుద్దారు. అప్పటినుంచి మా బంధువుల్లో నేను గుర్రాన్ని మేపి మేపి చెడగొట్టిన శంకర్‌ని. వాపసు వస్తూ కారులో అడిగాను: "బావా, పళ్ళు జూస్తె తెల్వదని నీకెప్పుడు తెలిసింది?" బావ కిటికీలోంచి బయటకు చూస్తూ, "ఏసీ జర పెంచు శ్రీకాంత్, ఉడుకపోస్తున్నది" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చేశాను. అక్క ఎత్తి, "ఆయన పండుకున్నడురా" అంది. మళ్ళీ చేశాను. మళ్ళీ పండుకున్నాడు. నా ప్రశ్న వచ్చినప్పుడల్లా మా బావకు నిద్ర వస్తుంది.

మేము అప్పుడు గౌలిపురలో ఉండేవాళ్ళం. పొడుగాటి పాత ఇంట్లో ముందరి రెండు గదులు, ఒక వసారా మావి. వెనక గదుల్లో వేరేవాళ్ళు. బాపు బస్సు డిపోలో ఫిట్టరు. సాయంత్రం రాగానే గాసునూనెతో, అదే కిరోసిన్‌తో, చేతులు రుద్దుకుని, బూడిదతో తోమి, సబ్బుతో కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగేవాడు. అంత కడిగినా ఆయన కలిపిన ముద్దలో గ్రీజు వాసన ఉండేది. చిన్నప్పుడు ఆ ముద్దలు తినే పెరిగాను కాబట్టి పప్పు రుచి అలాగే ఉంటుందనుకునేవాణ్ణి. నాయనమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని తంబాకు నలుపుతూ, గల్లీలో వచ్చేపోయేవాళ్ళ కులగోత్రాలు అడుగుతూ ఉండేది. అమ్మ నల్లా నీళ్ళ కోసం తెల్లవారకముందే లేచి బిందెలు వరస పెట్టేది. నీళ్ళు రాకముందే లొల్లి మొదలయ్యేది, నీళ్ళు పోయాక కూడా ఆగేది కాదు.

ఇంట్లో చేతులున్న కుర్చీ ఒక్కటే. అందులో బాపు కూర్చోవడం నేను చూసింది తక్కువ. అది అల్లుడి కుర్చీ. అక్కను ఇచ్చిన నాటి నుంచి ప్రతి ఆదివారం బావ వచ్చి అందులో కూర్చునేవాడు. బాపు వచ్చి గడప మీద కూర్చునేవాడు. మామ గడప మీద, అల్లుడు కుర్చీలో. ఇది నాకు ఒక్కడికే వింతగా ఉండేది. కూర ఉడకగానే కార్జం ముక్కలు ఏరి బావ గిన్నెలో వేసేవారు. ఆయన బొక్క విరిచి, మూలుగ జుర్రుకుంటూ, ఆ చప్పుళ్ళ మధ్య లోకం మీద తీర్పులు చెప్పేవాడు. బస్సులు ఎందుకు చెడిపోతాయో బాపుకు చెప్పేవాడు. బాపు ఫిట్టరు, ఆయన సిమెంటు దుకాణంలో గుమాస్తా. బాపు తల ఊపుతూ, "గట్లనా అల్లుడా" అనేవాడు. గడ్డం మీద నూనె కారుతుండగా ఆయన చెప్పడం, మా బాపు వినడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు మూలుగ బొక్క సహించదు.

ఒక్క విద్య మాత్రం ఆయనకు నిజంగా వచ్చు. యాటను చూసి చెప్పడం. బోనాల ముందు గల్లీకి గల్లీ ఆయన వెంట మేకల మండీకి పోయేది. వెన్ను మీద చెయ్యి పెట్టి నొక్కేవాడు, తోక కింద చూసేవాడు, కింది పెదవి లాగి పళ్ళు లెక్కపెట్టేవాడు. మేకకు ముందర పళ్ళు కింది దవడకే ఉంటాయి. రెండు పెద్ద పళ్ళు వస్తే రెండు పళ్ళ యాట, నాలుగొస్తే నాలుగు పళ్ళది, ఆరొస్తే బాగా ముదిరినట్టు. అందులో ఆయన మాట పొల్లు పోయింది లేదు. ఇది నేను కాదనను. నాకు న్యాయం జరగలేదని ఇంకొకరికి అన్యాయం చేయను.

ఆ ఏడు నేను ఇంటర్ తప్పాను. బాపు నన్ను డిపోలో పడేయాలని చూస్తున్నాడు. నాకేమో ఆ గాసునూనె బతుకు వద్దు. గల్లీ చివర యాదగిరి అన్న బ్యాండు దుకాణం ఉండేది. నేను పొద్దంతా అక్కడే. మా దిక్కు మొగపిల్లలకు ధోతి ఫంక్షన్ చేస్తారు, ముసల్మానుల ఇళ్ళలో మన అక్షరాభ్యాసంలాగా బిస్మిల్లా చేస్తారు. రెండిటికీ పిల్లవాణ్ణి పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి, గుర్రమెక్కించి, బ్యాండుతో ఊరేగిస్తారు. ఉన్నవేమో బారాత్‌కు తిప్పే పెద్ద గుర్రాలు. అయిదారేళ్ళ పిల్లవాడు వాటి మీద కూర్చుని కిందికి చూసి గుక్కపెట్టి ఏడ్చేవాడు. "పొట్టి గుర్రమొకటి ఉంటెనా శంకర్, సీజన్ల దినాం పనేరా. నేనే పిలుస్త" అన్నాడు యాదగిరి అన్న. ఆ మాట నా బుర్రలో దిగబడింది. బాపును అడిగాను. నెల తిరిగాక ఒక ఆదివారం అల్లుడి ముందర సంగతి పెట్టాడు. బావ బొక్క పక్కన పెట్టి, "మంచి ఆలోచననే మామా. గుర్రాన్ని నేను జూస్త, మీకేం ఫికర్ లేదు" అన్నాడు. బాపు నా వైపు తిరిగి, "ఒక్క ఏడాది జూస్తరా. అయితే అయింది, లేకుంటే డిపోకు రావాలె, మల్ల మారుమాట లేదు" అన్నాడు. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఆ గుర్రం మీద పెట్టాడు. నా కోసం ఆయన చేసిన ఒకే ఒక్క పిచ్చిపని అది.

మలక్‌పేటలో రేసుల మైదానానికి కొంచెం ఎడంగా, గుర్రాలు అమ్మేవాళ్ళ కొట్టాలు ఉండేవి. రేసులతో వాళ్ళకు సంబంధం లేదు. బారాత్ గుర్రాలు, టాంగా గుర్రాలు, ముసలివి, కుంటివి, అన్నీ అక్కడికే చేరేవి. తడిసిన గడ్డి కుళ్ళిన వాసన, దాని మీద పుండ్లకు రాసిన మందు వాసన. ఈగలు మన పెదవుల మీద కూడా వాలేవి. ఒక గుర్రం తెల్లమచ్చలకు మెహందీ పూస్తున్నారు, ఇంకోదాని డెక్కలకు నల్లరంగు వేస్తున్నారు. జబ్బార్ భాయ్ అనే ఆయన నులక మంచం మీద కూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతున్నాడు. మేము పోగానే లేవలేదు. బావ నడుము మీద చెయ్యి పెట్టుకుని గుర్రాల మధ్య తిరగడం చూసి అప్పుడు లేచాడు.

"ఆయియే ఉస్తాద్" అన్నాడు బావతో. "మీ నడక జూస్తెనే తెలుస్తది, జాన్వర్ తెలిసిన మనిషని."

అంతే, మా బావ పడిపోయాడు.

మూలన ఒక బూడిదరంగు గుర్రం కట్టేసి ఉంది. నా నడుము దాకా వస్తుందేమో. కాళ్ళు సన్నగా, ఒంటికన్నా పొడుగ్గా కనబడ్డాయి. జూలు పొట్టిగా, బ్రష్షులాగా నిలబడి ఉంది. నాకు గుర్రాల సంగతి తెలియదు, కానీ అది ఇంత చిన్నగా ఎందుకుందని అడిగాను.

"నువ్వు ఆగు" అన్నాడు బావ. మేకను పట్టినట్టే దాని దవడ పట్టి, కింది పెదవి లాగి, వేలితో తడిమాడు. "ఒకటి, రెండు, మూడు… ఆరు. ఆరు పళ్ళది మామా! ఇగ ఎదగది. ఎదిగినకాడికి ఎదిగింది. ఇది జాతే పొట్టిది."

బాపు జబ్బార్ భాయ్ వైపు చూశాడు. "అవునా భాయ్? ఇగ పెరగదా?"

జబ్బార్ భాయ్ సాసర్ కింద పెట్టి, గడ్డం నిమురుకుని అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఉస్తాద్ జూసినంక నేను జెప్పేదేముంది సాబ్?"

ఆయన అబద్ధం ఆడలేదు. ఒక్క ముక్క కూడా ఆడలేదు. మా బావే ఆయన పక్షాన అబద్ధం చెబుతుంటే నిలబడి చాయ్ తాగాడు. అబద్ధం ఆడేవాణ్ణి నేను ఎప్పుడైనా క్షమించగలను. ఆ గడ్డం నిమురుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ అసహ్యం.

ఇంటికి తెచ్చాక నాయనమ్మ దిష్టి తీసి, దానికి బుడ్డోడు అని పేరు పెట్టింది. వసారాలో ఒక కొసన కట్టేశాం. పొద్దున అమ్మ బిందెలు పక్కకు జరిపి లద్దె ఎత్తేది. ఊరగాయ జాడీలు లోపలికి పోయాయి, మంచాలు బయటికి వచ్చాయి. బుడ్డోడు మొదట్లో మేత సరిగ్గా ముట్టేవాడు కాదు. పగలంతా వీధి వైపు చూసి సకిలించేవాడు. ఒకరోజు నాయనమ్మ తీగ మీద ఆరేసిన చీర కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిలబడ్డాడు. నాయనమ్మ తంబాకు నలపడం ఆపి చాలాసేపు చూసింది.

"లింగయ్యా, ఇది పాలు మరవలేదురా" అంది బాపుతో. "గిది పిల్ల. తల్లిని యాది జేసుకుంటున్నది."

"అల్లుడు ఆరు పళ్ళది అన్నడు గదనే అవ్వా."

"అల్లుడు అన్నంక నాదేమున్నది" అని నాయనమ్మ మళ్ళీ తంబాకు నలుపుకుంది. తొమ్మిది మందిని కని, బర్రెలను మేకలను సాకిన మనిషి. ఆమె కళ్ళతో చూసి చెప్పింది. అల్లుడు అన్నాడనగానే ఆమె నోరు కట్టుబడింది. మా ఇంట్లో అల్లుడి మాటను కాదంటే అది ఆడపిల్ల కాపురాన్ని కాదన్నట్టు.

మొదటి సీజన్ బాగా నడిచింది. దాచేదేముంది, ఆ కొన్ని నెలలూ నేను రాజాలాగా ఉన్నాను. అద్దాలు కుట్టిన ఎర్ర మఖ్మల్ గుడ్డ కప్పి, కాళ్ళకు గజ్జెలు కట్టి, బుడ్డోణ్ణి ముందు నడిపిస్తుంటే గల్లీ పిల్లలంతా వెనక వచ్చేవాళ్ళు. శాలిబండ నుంచి కూడా వచ్చి పిలుచుకుపోయారు. పిల్లవాళ్ళు ఏడవకుండా కూర్చునేవాళ్ళు. అప్పుడప్పుడు బుడ్డోడి కాళ్ళు వణికేవి. బ్యాండు చప్పుడుకు అనుకున్నాను. పాలు మరవని పిల్ల వీపు మీద పిల్లల్ని ఎక్కిస్తున్నామని నాకేం తెలుసు? తెలిసిన జబ్బార్ భాయ్ చెప్పలేదు. తెలియని బావ చెప్పేశాడు.

వానలు పోయి చలి వచ్చేసరికి బుడ్డోడి వీపు నా ఛాతీ దాకా వచ్చింది. గల్లీలో నవ్వులాట మొదలైంది. "ఏందిరా శంకర్, మీ బుడ్డోడు దర్వాజకు తాకుతుండు?" "జర పేరన్న మార్చుండ్రిరా." పైకి ఒప్పుకోలేదు కానీ, ప్రతిరోజూ పొద్దున మఖ్మల్ గుడ్డ అంచు ఇంకొంచెం పైకి పోవడం కనబడుతూనే ఉంది.

ఛత్రినాకలో ఒక ధోతి ఫంక్షన్. గుర్రాన్ని మాట్లాడుకున్నది పోయిన సీజన్‌లో బుడ్డోణ్ణి చూసినవాళ్ళే. పిల్లవాడికి తాత ఉన్నాడు, కిరాణా వ్యాపారి, తెల్లటి బట్టలు, చేతికి నాలుగు ఉంగరాలు. నేను గుర్రాన్ని తీసుకుని షామియానా ముందుకు రాగానే ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పొట్టి గుర్రమని జెప్పినం గదా. గిదేంది?"

"గిదే సార్. అదే గుర్రం."

"అదే గుర్రమా? నేనేమన్న గుడ్డోణ్ణి లెక్క కనబడుతున్ననారా? బుడ్డది జూపించి పెద్దది తెస్తవా?"

నేను నిజం చెబుతున్నాను, ఆయన నన్ను దొంగ అంటున్నాడు. జనం మూగారు. పిల్లవాణ్ణి ఎత్తి కూర్చోబెట్టారు. వాడు కిందికి చూసి గుక్కపట్టాడు, మఖ్మల్ మీదే ఉచ్చ పోశాడు. ఎవడో పటాకుల సరం అంటించాడు. బుడ్డోడు ఒంటికి మాత్రమే పెద్దవాడు. బెదిరి వెనక్కి వెనక్కి నడిచి, షామియానా తాడు తెంపి, బగారా అన్నం గుండిగలో ఒక కాలు పెట్టాడు. పిల్లవాణ్ణి నేను పడకుండా పట్టుకున్నాను. అది ఎవరూ చూడలేదు. అందరూ గుండిగనే చూశారు. ఆ తాత నా చొక్కా కాలరు పట్టుకుని గల్లీ మలుపు దాకా నెట్టుకుంటూ వచ్చాడు. గుండిగలోంచి బుడ్డోడి కాలు లాగినప్పుడు మోచేతి దాకా అంటిన మసాలా అన్నం, గుర్రం ఉచ్చ, పిల్లవాడి ఉచ్చ కలిసిన వాసనతో ఇంటికి నడిచాను. యాదగిరి అన్న ఆ తర్వాత నన్ను పిలవలేదు. ఎదురుపడితే పక్క గల్లీలోకి తిరిగేవాడు.

ఆ ఆదివారం మా ఇంట్లో పంచాయతి. కుర్చీలో బావ, గడప మీద బాపు. బావ నన్ను చూసి నవ్వుతూ మొదలుపెట్టాడు.

"ఏం మేపినవ్ బామ్మర్దీ?"

"గడ్డి. చనాలు. ఉలవలు."

"బెల్లం?"

"అప్పుడప్పుడు."

"ఇగ జూడు మామా! చనాలు, ఉలవలు, మీదికెల్లి బెల్లం! గంత మేపితే మేక గూడ ఏనుగైతది. పొట్టి జాతిదాన్ని కొలిచి మేపాలెగని, కొత్తల్లుణ్ణి మేపినట్టు మేపుతరా?"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వింది, అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, వెనక గదుల వాళ్ళు కూడా నవ్వారు. ఆ ఒక్క నవ్వుతో తీర్పు అయిపోయింది. బాపు ఒక్కడు నవ్వలేదు. నా వైపు చూసి, "నిజంగ బెల్లం పెట్టినవారా?" అన్నాడు. ఇంట్లో ఊడ్చిందంతా నేను బెల్లం ముక్కలుగా గుర్రం నోట్లో పెట్టానన్నట్టు ఉంది ఆ చూపు.

మర్నాడే మలక్‌పేట పోయాను. జబ్బార్ భాయ్ నన్ను చూసి చూడనట్టున్నాడు. ఆ రోజు పట్టించుకోలేదు. తర్వాతి రోజూ పోయాను, ఆయన మంచం ఎదురుగా కూర్చున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళు ఎవరని అడిగితే, "పోయినేడు ఇక్కడ గుర్రం కొన్నవాణ్ణి" అనేవాణ్ణి. అది ఆయన బేరాలకు అడ్డం పడింది. చివరికి విసుగొచ్చి పిలిచాడు.

"క్యా మియా, ఏం గావాలె నీకు? గుర్రం అమ్మిన. గాడిదైందా అది? పైసలు పొట్టి గుర్రానికిచ్చినవ్, పెద్ద గుర్రమొచ్చింది. నువ్వే నాకు మిఠాయి తినిపియ్యాలె."

"పిల్ల అని ఎందుకు చెప్పలేదు?"

"అడిగినవా నన్ను? మీ ఉస్తాద్ చెప్పిండు. బకరా పళ్ళు జూసినట్టు జూసిండు మీ బావ. అరె, గుర్రప్పిల్లకు ఆరు నెలలకో తొమ్మిది నెలలకో కింద ఆరు పాలపళ్ళు వచ్చేస్తయ్. అందరికీ తెలుసు." ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆరు పళ్ళు అనంగనే మా తమ్ముడు నవ్వు ఆగక కొట్టం వెనకకు వోయిండు."

పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. నిజం దొరికిందని ఎంత సంతోషంగా చెప్పానో. బాపు చేతులు రుద్దుకుంటున్నవాడు ఆగాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో నమ్మిన గుర్తు కనబడింది. ఇది నేను కల్పించుకోవడం లేదు, చూశాను. అమ్మ నా రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

"అక్క ఆడ బతకాలె బిడ్డా. అల్లునికి పళ్ళు చూసుడు రాదని గల్లీల అనిపిస్తవా?"

"మరి నాకు మేపుడు రాదని అంటే?"

"నువ్వు మొగపిల్లగానివి. నీకేమైతది?"

బాపు బయటి నుంచి అన్నాడు: "ఇగ గా మాట ఈ ఇంట్ల ఎత్తకు."

ఎత్తకు అన్నది నన్ను. బావను కాదు. ఆయన ప్రతి ఆదివారం ఎత్తాడు. ప్రతి పెళ్ళిలో ఎత్తాడు. మేక ఏనుగైన కథ మా బంధువుల పిల్లలకు కూడా నోటికి వచ్చు. బుడ్డోణ్ణి నేను ఇంట్లో లేనప్పుడు బావే తోలుకుపోయి ఆ జబ్బార్ భాయ్‌కే అడ్డికి పావుశేరు కింద ఇచ్చేసి వచ్చాడు. ఆ జబ్బార్ భాయ్ వాడికి వెండిరంగు పూసి బారాత్‌లకు తిప్పాడు. అలియాబాద్ దగ్గర ఒకసారి పెళ్ళికొడుకును మోస్తూ బుడ్డోడు ఎదురయ్యాడు. ఒత్తుగా జూలు, నా తలను మించిన ఎత్తు. నన్ను గుర్తుపట్టాడని చెప్పను, పట్టలేదు. అప్పటికి నేను డిపోలో ఖాకీ బట్టలు వేసుకుని, గాసునూనె వాసనతో ఉన్నాను.

బస్సుల కింద పడుకుని ముప్పై ఏళ్ళ పైన పని చేశాను. ఫిట్టరుగానే రిటైరై, సంతోష్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. గౌలిపుర ఇంటి వసారా ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. మా ఆదివారాలు లేవు, గడప మీద కూర్చునే మామలు కూడా లేరు. అది మంచికే. ఇప్పుడు శ్రీకాంత్‌కు అనుమానం వస్తే డాక్టర్ వస్తాడు, చెబుతాడు, పోతాడు. ఎవరి కాపురం కూలదు. అప్పుడు ఒక గుర్రం వయసు నిజంగా ఎంతో చెబితే మా అక్క సంసారం కూలుతుందన్నారు. ఆనాటి ఇళ్ళలో ప్రేమలు ఉండేవి, కలిసి తినేవాళ్ళం అని మా వాళ్ళు ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటారు. నేను తుడుచుకోను. కలిసి తిన్నాం, నిజమే. అలా కలిసి తినాలంటే ఒకడు కుర్చీలో ఉండాలి, ఎవరు ఏం తప్పు చేసినా ఇంకొకడి మీద తోయాలి. ఆ రెండోవాణ్ణి నేను. ఆ ప్రేమల సంగతి నాకు బాగా తెలుసు. ఈ కాలం అమ్మేవాళ్ళు సెంటు కొడుతున్నారు, ఆ కాలంలో మెహందీ పూసేవాళ్ళు. ఇద్దరి మీదా నాకు ఒకటే రోత. కానీ అమ్మేవాడు అమ్మేవాడే. ఇంట్లోవాళ్ళ సంగతి వేరు.

బాపు చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు చూసుకున్నది నేను. బట్టలు మార్చింది, ఎత్తి కూర్చోబెట్టింది నేను. ఒక మధ్యాహ్నం డిపోలో ఆయనతో పనిచేసిన పాత మనిషి చూడటానికి వచ్చాడు. "కొడుకు మంచిగ జూసుకుంటుండా లింగయ్యా?" అని అడిగాడు. బాపు నా వైపు చూసి, "మా శంకర్ మంచోడే. పానం పెట్టి చేస్తడు. గని చేతికిచ్చింది చెడగొడ్తడు" అన్నాడు. కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. అదే నేను ఇంతవరకు మింగలేకపోయింది. ఆ మనిషి సమక్షంలో, ఆ మంచం పక్కనే, నర్సింహ బావ కూర్చుని బాపు కోసం బత్తాయి ఒలుస్తున్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తొనల మీది పీచు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. ఆ తర్వాత పది రోజులకో పన్నెండు రోజులకో బాపు పోయాడు. చేతికిచ్చింది చెడగొట్టే కొడుకు చేతనే కొరివి పెట్టించుకున్నాడు.

ఇన్నేళ్ళూ నేను ఒకటి అనుకుని బావను నిలదీయకుండా ఊరుకున్నాను. బావకు నిజంగానే తెలియదు, తన మాటను తానే నమ్ముతున్నాడు, మూర్ఖుడితో ఏం పెట్టుకుంటాం అని. పోయిన నెల షెడ్డులో ఆయన చెయ్యి జేబులోకి పోయినప్పుడు ఆ ఒక్క ఊరటా పోయింది. తెలుసు. ఎప్పుడో తెలుసుకున్నాడు. కొడుకు డబ్బు పోకూడదు కాబట్టి చెప్పాడు.

బావా, నువ్వు చదవకపోతే ఇది శ్రీకాంత్ చేత చదివిస్తాను. నాకు క్షమాపణ వద్దు. బుడ్డోడు వద్దు, ఖాకీ బట్టల్లో పోయిన ఏళ్ళు వద్దు. నాకు కావలసింది ఒక్క జవాబు. పళ్ళు చూస్తే తెలియదని నీకు తెలిసింది బాపు పోకముందా, పోయాకనా? పోయాక అంటే నమ్ముతాను, అక్కడితో వదిలేస్తాను. పోకముందే అయితే, ఆ బత్తాయి ఒలిచిన మధ్యాహ్నం నీ నోట్లో మాట ఉండి కూడా మా బాపును అలాగే పోనిచ్చావన్న మాట. అదీ చెప్పు. ఆదివారం పొద్దున జల్‌పల్లికి వస్తున్నాను. పండుకున్నానని అక్క చేత చెప్పించకు. లేచేదాకా గేటు దగ్గరే కూర్చుంటాను. మా అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె వినేటట్టు చెప్పు: ముందా, తర్వాతనా?